మెగ్నీషియా అంటే ఊరా, రాయా, మందా?

మీ అమ్మాయి పదో తరగతి చదువుతోందని, అయస్కాంతానికి అంటుకోని లోహానికి మెగ్నీషియం అని పేరెందుకు పెట్టారని అడిగిందని రాశారు. వెతికితే మెగ్నీషియా అంటే గ్రీసులో జిల్లా అని ఒకచోట, టర్కీలో పాడుబడ్డ పట్నం అని ఇంకోచోట, రోమన్లు చేసిన యుద్ధం అని మరోచోట, విరేచనాల మందు అని వేరొకచోట కనిపించాయని, వీటిలో ఏది నిజమో చెప్పమని అడిగారు.

అన్నీ నిజమే. మీకు కనిపించనివి ఇంకో రెండు మూడు కూడా ఉన్నాయి. 31 ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన పిల్లలు నాకు గట్టిగా అయిదారుగురు తగిలి ఉంటారు. అడగనివాళ్లు మాత్రం ఏటా పరీక్షల్లో మెగ్నీషియం రాయాల్సిన చోట మాంగనీసు గుర్తు, మాంగనీసు రాయాల్సిన చోట మెగ్నీషియం గుర్తు రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు. ఆ పొరపాటు వాళ్లొక్కరిదే కాదు. రెండు వేల ఏళ్లుగా పండితులు, వైద్యులు, గాజు పనివాళ్లు, చివరికి ఆ లోహాన్ని మొదట వేరు చేసిన శాస్త్రవేత్త కూడా ఈ పేర్ల దగ్గర తికమకపడ్డవాళ్లే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ముందు మనుషులతో మొదలుపెట్టాలి, ఊరితో కాదు. గ్రీసు ఉత్తర భాగంలో థెస్సలీ అనే మైదాన ప్రాంతం ఉంది. దాని తూర్పు అంచున, సముద్రాన్ని ఆనుకుని పీలియన్ అనే కొండ. 1,600 మీటర్లకు పైగా ఎత్తు, నిండా అడవి. ఆ కొండ చుట్టుపక్కల ఉండే తెగని మాగ్నెటీస్ అనేవారు. జ్యూస్ దేవుడికి మాగ్నెస్, మాకెడోన్ అని ఇద్దరు కొడుకులని, పెద్ద పేరున్న ఈ రెండు తెగలు వాళ్ల సంతతేనని ప్రాచీన గ్రీకుల కథ. అంటే మాగ్నెటీస్‌కీ, అలెగ్జాండర్ పుట్టిన మాసిడోనియాకీ అన్నదమ్ముల వరస. హోమర్ కావ్యం ఇలియడ్‌లో ట్రాయ్ మీదికి వెళ్లిన ఓడల జాబితా ఒకటి ఉంటుంది. అందులో పీలియన్ కొండ దగ్గరి మాగ్నెటీస్ 40 ఓడలతో కనిపిస్తారు. వాళ్లుండే నేల మెగ్నీషియా. ఇప్పటికీ అక్కడి జిల్లా పేరు అదే, ముఖ్యపట్నం వోలోస్. మీరు మొదట చూసిన జిల్లా ఇది. సగం మనిషి, సగం గుర్రం అయిన సెంటార్లు తిరిగిన కొండ కూడా గ్రీకుల లెక్కలో ఈ పీలియనే.

ఆ తెగలో కొందరు సముద్రం దాటి, ఇవాళ టర్కీ అనే చోటికి వలస వెళ్లారు. వలస వెళ్లినవాళ్లు పాత ఊరి పేరు కూడా మూట కట్టుకుని వెళ్లడం ఎక్కడైనా ఉన్నదే. అలా అక్కడ రెండు మెగ్నీషియాలు ఏర్పడ్డాయి. ఒకటి మియాండర్ నది దగ్గర, రెండోది సిపిలస్ కొండ కింద. ఏది ఏదో తెలియాలి కాబట్టి మన వాళ్లు నది పేరో కొండ పేరో ముందు చేర్చి ఊరి పేరు చెప్పినట్టే, గ్రీకులు, రోమన్లు కూడా "మియాండర్ మీది మెగ్నీషియా", "సిపిలస్ దగ్గరి మెగ్నీషియా" అని పిలిచేవారు.

మియాండర్ మెగ్నీషియా మీరు రెండోచోట చదివిన పాడుబడ్డ పట్నం. దీని గురించి నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి చెబుతాను. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని చావుదెబ్బ తీసిన ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్. తరవాత కొన్నేళ్లకి ఏథెన్స్ ప్రజలే ఆయన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఇక దిక్కులేక, ఏ పర్షియాని ఓడించాడో ఆ పర్షియా చక్రవర్తి పంచనే చేరాడు. చక్రవర్తి ఆయన్ని ఆదరించి మూడు ఊళ్లు రాసిచ్చాడు. రొట్టెకి మెగ్నీషియా, ద్రాక్షసారాయికి లాంప్సకస్, నంజుకోవడానికి మ్యూస్. అన్నానికి ఒక ఊరు, కూరకి ఒక ఊరు అన్నమాట. ఒక్క మెగ్నీషియా మీదే ఏడాదికి 50 టాలెంట్ల (పాత గ్రీకుల డబ్బు లెక్క) ఆదాయం వచ్చేదని థూసిడిడీస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. థెమిస్టోక్లీస్ ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఊరి సంతవీధిలో ఆయన స్మారకం ఉండేదట. ఆ తరవాత అక్కడ ఆర్టెమిస్ దేవతకి హెర్మోజనీస్ అనే శిల్పి కట్టిన గుడి ఎంత పేరు తెచ్చుకుందంటే, దాని శిల్పాల పలకలు ఇవాళ పారిస్, ఇస్తాంబుల్, బెర్లిన్ మ్యూజియాల్లో చూడొచ్చు. పక్కనున్న నది కూడా తక్కువది కాదు. మెలికలు తిరిగి తిరిగి పారే ఆ మియాండర్ పేరే ఇంగ్లీషులో "వంకరలు తిరగడం" అనే మాటగా మారింది. జాగ్రఫీ పుస్తకంలో నది మెలికలకి వాడే మియాండర్ అనే మాట ఈ ఊరి పక్కన పారే నీటి నుంచి వచ్చిందే.

రెండో మెగ్నీషియా, సిపిలస్ కిందిది, ఇంకా బతికే ఉంది. పేరు నోళ్లలో నలిగి నలిగి మనిసా అయింది. ఇజ్మీర్ నగరానికి ఈశాన్యంగా పెద్ద పట్నం. మీరు చూసిన యుద్ధం దీని దగ్గర జరిగిందే. క్రీ.పూ. 190లో రోమన్లు ఆసియా నేల మీద చేసిన మొదటి పెద్ద యుద్ధం అది. ఎదురుగా ఉన్నది సెల్యూకస్ వంశపు రాజు మూడో ఆంటియోకస్. ఈయన అంతకు కొన్నేళ్ల ముందు హిందూకుష్ దాటి మన వైపు వచ్చి, గ్రీకు రాతల్లో సోఫగసేనస్ అని కనిపించే సుభగసేనుడనే రాజుతో స్నేహం చేసుకుని ఏనుగులు తీసుకెళ్లాడు. మెగ్నీషియా యుద్ధంలో ఆయన దగ్గర 54 ఏనుగులుంటే రోమన్ల దగ్గర 16 ఆఫ్రికా ఏనుగులే ఉన్నాయని లివీ అనే రోమన్ చరిత్రకారుడు లెక్క చెప్పాడు. భారతదేశపు ఏనుగుల ముందు తమ ఏనుగులు నిలబడవని రోమన్లు వాటిని వెనకే ఉంచేశారట. అయినా ఆంటియోకస్ ఓడిపోయాడు. 188లో జరిగిన సంధిలో ఏనుగులన్నీ ఇచ్చేసి, ఇకపై ఉంచుకోకూడదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

గ్రీకు తత్వవేత్త ప్లేటో ఊహించిన ఊరు కూడా ఒకటుంది. ఆయన ముసలితనంలో రాసిన లాస్ అనే గ్రంథంలో, క్రీట్ దీవిలో కొత్తగా ఒక ఊరు కట్టాలంటే చట్టాలెలా ఉండాలని ముగ్గురు పెద్దమనుషులు మాట్లాడుకుంటారు. ఆ ఊహా నగరం కూడా మాగ్నెటీస్‌దే, అదీ మెగ్నీషియాయే. అందులో సరిగ్గా 5,040 కుటుంబాలు ఉండాలంటాడు ప్లేటో. ఎందుకంటే 5,040ని ఒకటి నుంచి పది దాకా ఏ అంకెతో భాగించినా శేషం రాదు. పంపకాల్లో తగవు రాదని ఆయన ఆలోచన. మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే ఈ ఒక్కటి చెప్పండి, కూర్చుని భాగిస్తుంది.

ఊళ్ల సంగతి అయింది. ఇప్పుడు రాళ్ల దగ్గరికి వద్దాం, అసలు చిక్కు ఇక్కడే.

ఇనుముని లాగే నల్లరాయి గురించి గ్రీకులకి చాలా పాతకాలం నుంచే తెలుసు. ఇనుముని కదిలిస్తోంది కాబట్టి ఆ రాయికి ప్రాణం ఉందని థేలీస్ అనే పాతకాలపు గ్రీకు తత్వవేత్త అన్నాడని అరిస్టాటిల్ రాశాడు. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ ఈ రాయి గురించి చెబుతాడు: నాటక కవి యూరిపిడీస్ దీన్ని మాగ్నెటిస్ అంటాడు, ఎక్కువమంది హెరాక్లియా రాయి అంటారు, ఇది ఒక ఇనుప ఉంగరాన్ని లాగడమే కాక ఆ ఉంగరానికి కూడా తన శక్తిని ఇస్తుంది, అది ఇంకో ఉంగరాన్ని లాగుతుంది, అలా గొలుసులా వేలాడతాయి అని. మీ ఇంట్లో గుండుసూదులతో మీ అమ్మాయి ఎన్నోసార్లు చేసే ఉంటుంది ఆ గొలుసు. ఈ వాక్యంలో మనకి కావలసింది ఏమిటంటే, ఆ రోజుకి ఈ రాయికి ఒక్క పేరు స్థిరపడలేదు. హెరాక్లియా కూడా ఊరి పేరే. మెగ్నీషియా బదులు ఆ పేరు నిలబడి ఉంటే ఇవాళ మ్యాగ్నెట్ అనే మాటే ఉండేది కాదు.

రాయికి ఆ పేరెలా వచ్చిందో లుక్రీషియస్ అనే రోమన్ కవి సూటిగా చెప్పాడు. మాగ్నెటీస్ ఉండే నేలలో దొరుకుతుంది కాబట్టి గ్రీకులు దాన్ని మాగ్నెట్ అంటారు అని. ప్లినీ అనే ఇంకో రోమన్ రచయిత వేరే కథ చెప్పాడు, మాగ్నెస్ అనే గొర్రెలకాపరి కొండ మీద నడుస్తుంటే అతని చెప్పుల మేకులు, చేతికర్ర కొనకున్న ఇనుము రాయికి పట్టుకున్నాయని, అతని పేరే రాయికి పెట్టారని. ఈ కథ చాలా స్కూలు పుస్తకాల్లో నిజంలా రాస్తుంటారు, అది నాకు ఇష్టం ఉండదు. పేరుని బట్టి తరవాత అల్లిన కథ ఇది. పిల్లలకి కథగానే చెప్పాలి. ఇంతకీ ఆ నేల గ్రీసులోని మెగ్నీషియానా, టర్కీలోని రెండింటిలో ఒకటా అన్నది మాత్రం పండితుల మధ్య ఇంకా తెగని వాదమే.

కాళిదాసు కాలానికే సంస్కృతంలో ఈ రాయికి అయస్కాంతం అనే పేరుంది. అయస్సు అంటే ఇనుము, దానికి కాంతుడు, ప్రియుడు. మన తెలుగువాళ్లు సూదంటురాయి అన్నారు. సూది అంటుకునే రాయి. చూశారా, మనం రాయి ఏం చేస్తుందో దాన్ని బట్టి పేరు పెట్టాం. గ్రీకులు అది ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని బట్టి పెట్టారు. పనిని బట్టి పెట్టిన పేరు ఇంకో రాయికి అంటదు, సూదిని పట్టని రాయిని ఎవరూ సూదంటురాయి అనరు. ఊరిని బట్టి పెట్టిన పేరు అలా కాదు. ఆ ఊళ్లో దొరికే ప్రతి రాయికీ అది వర్తిస్తుంది, చూడ్డానికి అలా ఉన్న వాటికి కూడా అంటుకుంటుంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు మొత్తం ఇందులోనే ఉంది.

మళ్లీ ప్లినీ దగ్గరికి వెళ్లాలి. క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ పండితుడాయన. మాగ్నెస్ రాళ్లలో అయిదు రకాలున్నాయని, వాటిలో ఆడవి, మగవి ఉంటాయని రాశాడు. అన్నిటికన్నా నాసిరకం ఆసియాలోని మెగ్నీషియాలో దొరికేదట. అది తెల్లగా ఉంటుంది, ఇనుముని లాగదు, నురగరాయిలా ఉంటుంది అని స్పష్టంగా రాశాడు. నేను మొదటిసారి ఈ మాట చదివిన రోజు పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఇనుముని లాగని తెల్లరాయిని కూడా మాగ్నెస్ అనే అంటున్నారు, ఎందుకంటే అది మెగ్నీషియాది! 1,900 ఏళ్ల కిందటే పేరు రాయి గుణం నుంచి విడిపోయింది.

ఆ తరవాత నల్లరాళ్ల వంతు. గాజు చేసేవాళ్లకి ఇసుకలో ఉండే కొద్దిపాటి ఇనుముతో పెద్ద చికాకు, గాజుకి ఆకుపచ్చ జీర వస్తుంది. ఒకరకం నల్లపొడి చిటికెడు వేస్తే ఆ ఆకుపచ్చ విరిగిపోయి గాజు తేటగా వస్తుందని వాళ్లు కనిపెట్టారు. గాజుకి సబ్బు అని దానికి ముద్దుపేరు. వెనిస్ గాజు పనివాళ్లు అంత తేటైన గాజు చేయగలిగారంటే అందులో ఈ పొడిది పెద్ద చెయ్యి. ఆ నల్లరాయి బరువులో, రంగులో సూదంటురాయికి దగ్గరగా ఉంటుంది, కానీ ఇనుముని పట్టదు. దాంతో ఇనుముని పట్టేది మగది, మాగ్నెస్. పట్టనిది ఆడది, మాగ్నీషియా అని ఒక వాడుక పడింది. ఈ మాగ్నీషియాని ఇటలీ పనివాళ్లు తమ నోటికి వచ్చినట్టు మాంగనీస్ అన్నారు. మన మాంగనీసు అదే. మధ్యలో రసవాదులు కూడా ఈ మాటని ఎత్తుకుపోయి, బంగారం చేసే రహస్య పదార్థాలకి వాడుకున్నారు. వాళ్లు రాసినవాటిలో మెగ్నీషియా అంటే ఏమిటో ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి, దాని జోలికి వెళ్లను.

1700ల మొదట్లో ఐరోపాలో కొత్త మందొకటి వచ్చింది. తెల్లటి పొడి, కడుపులో పులుపుని విరుస్తుంది, సుఖవిరేచనం అవుతుంది. గాజు పనివాళ్ల నల్ల మెగ్నీషియా అప్పటికే ఉంది కాబట్టి దీన్ని తెల్ల మెగ్నీషియా అన్నారు, లాటిన్‌లో మాగ్నీషియా ఆల్బా. స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన తన డాక్టరు చదువు కోసం ఈ పొడి మీద ప్రయోగాలు చేశాడు. కాలిస్తే బరువు తగ్గుతోంది, ఏదో గాలి బయటికి పోతోంది. పోయినదాన్ని తూకం వేసి మరీ నిరూపించాడు. 1756లో అచ్చయిన ఆ ప్రయోగాలే కార్బన్ డయాక్సైడ్‌ని మామూలు గాలి నుంచి విడదీసి గుర్తించిన మొదటి పని. మెగ్నీషియా, సున్నం ఒకటి కావని తేల్చింది కూడా ఆయనే.

నల్ల మెగ్నీషియా మీద స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త పనిచేశాడు. 1774లో అందులో కొత్త లోహం ఉందని ఆయన గట్టిగా చెప్పాడు, అదే ఏడాది ఆయన స్నేహితుడు గాన్ దాన్ని బొగ్గుతో కాల్చి లోహాన్ని తీశాడు. ఆ నల్లపొడి మీద ఆమ్లం పోసినప్పుడు వచ్చిన ఘాటైన పసుపుపచ్చ గాలే క్లోరిన్.

ఇక 1808. లండన్‌లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త తెల్ల మెగ్నీషియా నుంచి కరెంటుతో లోహాన్ని వేరు చేశాడు. పేరు పెట్టాలి. మెగ్నీషియా నుంచి వచ్చింది కాబట్టి మెగ్నీషియం అనడం సహజం. కానీ ఆ పేరు అప్పటికే నల్ల మెగ్నీషియా నుంచి వచ్చిన లోహానికి వాడేస్తున్నారు! అందుకని డేవీ తన లోహాన్ని మాగ్నియం అన్నాడు. ఆ పేరు ఎవరికీ రుచించలేదు. కొన్నేళ్లకి ఆయనే తన పుస్తకంలో మెగ్నీషియం అని మార్చుకున్నాడు. అటు నల్లదాని లోహానికి మాంగనీస్ స్థిరపడింది. అంటే ఒక సమయంలో మెగ్నీషియం అన్న మాటకి అర్థం మాంగనీసు. కాబట్టి మీ అమ్మాయి ఈ రెంటినీ ఎప్పుడైనా తారుమారు చేస్తే కోప్పడకండి.

ఒక మాట తప్పుగా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, దాన్ని కూడా చెప్పేయాలి. లాటిన్‌లో మాగ్నస్ అంటే గొప్ప అని అర్థం. పెద్ద వ్యాపారస్తుణ్ణి మ్యాగ్నేట్ అనేది ఆ మాట నుంచే. దానికీ మ్యాగ్నెట్‌కీ, మెగ్నీషియాకీ ఏ చుట్టరికమూ లేదు. మాగ్నోలియా పువ్వు కూడా మాగ్నోల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి పేరు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ పేరు మీద నాకింత ఇష్టం అక్కడే మొదలైంది. నేను పెరిగింది విజయనగరం జిల్లా గరివిడి పక్కన. మా వైపు నేల తవ్వితే మాంగనీసు. 1890ల నుంచి తవ్వుతున్నారు. అక్కడి కోడూరు గని దగ్గర దొరికే ఒక రకం రాయికి ఆ ఊరి పేరుతోనే కోడురైట్ అని ఫెర్మోర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. 1909లో ఆయన భారతదేశపు మాంగనీసు గనుల మీద పెద్ద గ్రంథమే రాశాడు. 1933లో తెరిచిన విశాఖపట్నం ఓడరేవుని కట్టడానికి ముఖ్య కారణాల్లో ఒకటి మధ్య పరగణాల మాంగనీసుని ఓడలకెక్కించడం. గరివిడిలో ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ వచ్చాక మా ఇళ్లలో మాంగనీసు అంటే ఖనిజం పేరు కాదు, జీతం పేరు. చిన్నప్పుడు రోడ్డు పక్క లారీల నుంచి రాలిన నల్ల బెడ్డలు ఏరుకుని గోడల మీద బొమ్మలు గీసేవాళ్లం. చేతులు బొగ్గు ముట్టుకున్నట్టు మసి. పాడైన రేడియో స్పీకరు విప్పి అందులోని గుండ్రటి అయస్కాంతాన్ని తీసి ఆ బెడ్డలకి పెట్టి చూసేవాణ్ణి. అంటుకునేది కాదు. అదే అయస్కాంతాన్ని రోడ్డు మీద ఇసుకలో దొర్లిస్తే మీసాలు మొలిచినట్టు నల్లటి ఇనుప రజను పట్టుకునేది. రెండూ నల్లవే, ఒకటి పడుతుంది, ఒకటి పట్టదు. మగదీ ఆడదీ అని పాతవాళ్లు ఎందుకన్నారో నాకు చాలా ఏళ్ల తరవాత చదువుతుంటే వెంటనే అర్థమైంది, ఎందుకంటే నేను ఆ పరీక్ష ఎనిమిదేళ్ల వయసులోనే చేశాను.

మాంగనీసుకీ అయస్కాంతానికీ మధ్య ఇంకో రెండు సంగతులున్నాయి, ఇవి ఇంటర్ పిల్లలకి చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా వినేది. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషాయన ఉక్కులో సుమారు 12 శాతం మాంగనీసు కలిపి కొత్త ఉక్కు చేశాడు. దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడే ఉక్కు, అందుకే రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వాడతారు. దానికి అయస్కాంతం అంటుకోదు. దాదాపు అంతా ఇనుమే, అయినా అంటుకోదు. 1903లో జర్మనీలో హ్యూస్లర్ దీనికి తిరగేసి చేశాడు. రాగి, మాంగనీసు, అల్యూమినియం కలిపాడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ విడిగా అయస్కాంతానికి అంటుకోదు, కలిస్తే అంటుకుంటుంది.

మందు సంగతికి వస్తాను. 1829లో డబ్లిన్‌లో జేమ్స్ మర్రే అనే వైద్యుడు, ఐర్లాండ్ వైస్రాయి కడుపునొప్పికి తెల్ల మెగ్నీషియాని నీళ్ల మందుగా చేసి ఇచ్చాడు. ఆ శతాబ్దం చివరి భాగంలో అమెరికాలో ఫిలిప్స్ అనే ఆయన పాలలా తెల్లగా ఉండే రూపంలో చేసి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అని పేరు పెట్టి అమ్మాడు. మన ఇళ్లలో గ్యాసుకి తాగే గులాబీ రంగు సీసాల్లో చాలావాటి లేబుల్ మీద మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని ఉంటుంది. అదే ఇది. కడుపులో ఆమ్లాన్ని విరిచాక మిగిలిన మెగ్నీషియం పేగుల్లోకి నీటిని రప్పిస్తుంది, విరేచనం అందుకే. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా తాగకూడదు, మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది.

తెల్ల మెగ్నీషియా మీరు టీవీలో కూడా చూసే ఉంటారు. బరువులెత్తేవాళ్లు బార్ పట్టుకునే ముందు గిన్నెలోంచి తెల్లపొడి తీసి రెండు చేతులకీ పులుముకుంటారు కదా. చాక్ అంటారు గానీ అది సుద్ద కాదు, మెగ్నీషియం కార్బొనేట్. జోసెఫ్ బ్లాక్ కాల్చి తూచిన తెల్ల మెగ్నీషియాకి దగ్గరి చుట్టం. చెమటని పీల్చేసి పట్టు జారకుండా చేస్తుంది. 2000లో సిడ్నీలో మా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన రోజు టీవీ ముందు కూర్చున్న మాకు ఆ పొడి పేరు తెలియదు. అయినా ఆమె అరచేతులు తెల్లగా అవడం మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

వంటింట్లో ఒకటి చూపిస్తాను. గోంగూర కట్టని కడిగి మూకుట్లో వేసినప్పుడు పచ్చగా ఉంటుంది. మగ్గిన కాసేపటికి ఆ పచ్చదనం పోయి బూడిద కలిసిన ఆకుపచ్చకి దిగుతుంది. ఆకు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితం, దాని అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం ఉంటుంది. గోంగూరలో పులుపు ఎక్కువ. వేడికి ఆ పులుపు, అంటే ఆమ్లం, మెగ్నీషియాన్ని అక్కడి నుంచి తోసేసి ఆ స్థానంలో హైడ్రోజన్ కూర్చుంటుంది. రంగు మారిపోతుంది. అదే ఆకులో, నీటిని విడగొట్టి మనం పీల్చే ఆక్సిజన్‌ని బయటికి వదిలే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు కలిసి పనిచేస్తుంటాయి. తెల్ల మెగ్నీషియా లోహం వెలుతురుని పట్టే చోట, నల్ల మెగ్నీషియా లోహం నీటిని విడగొట్టే చోట. ఒకే ఊరి పేరు పంచుకున్న రెండు లోహాలు ఒకే ఆకులో పనిచేస్తున్నాయి. ఈ ముక్క చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీ అమ్మాయికి పరీక్షకి పనికొచ్చేది ఏమిటంటే: మెగ్నీషియం గుర్తు ఎమ్‌జి, పరమాణు సంఖ్య 12; మాంగనీసు గుర్తు ఎమ్ఎన్, పరమాణు సంఖ్య 25. ఎమ్‌జి అంటే తెలుపు, ఎమ్ఎన్ అంటే నలుపు అని కళ్లతో గుర్తుపెట్టుకోమనండి. స్కూల్లో మెగ్నీషియం రిబ్బన్ కాల్చే ప్రయోగం ఎలాగూ ఉంటుంది. అప్పుడు మంట కేసి నేరుగా చూడొద్దని చెప్పండి, కళ్లు దెబ్బతింటాయి. మంట ఆరాక గిన్నెలో మిగిలే తెల్లటి బూడిదని మాత్రం దగ్గరగా చూడమనండి. అది మెగ్నీషియం ఆక్సైడ్, కెమిస్ట్రీలో ఈ రోజుకీ దాని ఇంకో పేరు మెగ్నీషియా. నలుపు కోసం గోడ గడియారంలో అయిపోయిన మామూలు సెల్ ఒకటి తీసుకుని, చేతులకి తొడుగులు వేసుకుని మీరే విప్పి చూపించండి. ఆల్కలైన్ అని రాసి ఉన్నది మాత్రం విప్పకండి, అందులోది చర్మాన్ని కాలుస్తుంది. పైన రేకు డబ్బా, నడుమ బొగ్గు కడ్డీ, చుట్టూ తడి తడిగా నల్లపొడి. ఆ పొడిలో ఎక్కువ భాగం మాంగనీసు డయాక్సైడ్. కాగితం మీద వేసి, కాగితం కింద అయస్కాంతం కదిపి చూడమనండి. కదలదు. పక్కనే నాలుగు గుండుసూదులు పెట్టి మళ్లీ కదపమనండి.